లా స్కూలా, లెక్కలా? అమ్మాయి గెర్రీమాండరింగ్ కేసులంటోంది, నాన్నకు నిద్ర లేదు

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. అమ్మాయి ఇక్కడే పుట్టింది, మ్యాథ్స్ డిగ్రీ మూడో ఏడాది. మొన్నటిదాకా డేటా సైన్స్ అన్న పిల్ల, ఇప్పుడు లా స్కూల్లో చేరి, పార్టీలు తమకు అనుకూలంగా నియోజకవర్గాలు గీసుకోవడం (అదే గెర్రీమాండరింగ్) మీద కోర్టుల్లో కొట్లాడతానంటోంది. మా గ్రీన్ కార్డులు ఇంకా రాలేదు. ఈ రాజకీయాలు మనకెందుకని టెన్షన్‌గా ఉంది. రెండింట్లో ఏది నయం?

జవాబు: సార్, ముందు గ్రీన్ కార్డు సంగతి తేల్చేద్దాం. మీ అమ్మాయి అక్కడి పౌరురాలు. 21 నిండాక మీ ఇద్దరి కోసం పిటిషన్ వేయగలిగేది ఆ పిల్లే. పైగా ఈ కేసులు వేసేది ఓటర్లు, కామన్ కాజ్, లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ లాంటి సంస్థలు. లాయరు వాదిస్తాడు, లెక్కలు వేసినవాళ్లు సాక్ష్యం చెప్తారు, అంతే. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. పైకి చెప్పే కారణం మారుతుంది గానీ లోపలి భయం ఒక్కటే: సాఫ్ట్‌వేర్ కాని దారి పడితే నలుగురికీ ఏం చెప్పాలి, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పాలి. అది రాయడానికి మొహమాటపడి గ్రీన్ కార్డు అన్నారు. రాజకీయాలు మనకెందుకంటారా? ఓటు మీకు లేదు, ఆమెకుంది.

ఆ పిల్లకు ఇది ఎందుకు పట్టుకుందో ఒక్కసారైనా అడిగారా? గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన ఏ అండ్ టీ యూనివర్సిటీ ఉంది కదా, 2016 మ్యాపులో నియోజకవర్గాల గీత ఆ క్యాంపస్ మధ్యలోంచి పోయింది. ఒకవైపు 6వ నియోజకవర్గం, రెండోవైపు 13వది. హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఎంపీ, క్లాసుకెళ్తే ఇంకో ఎంపీ. ఆ మ్యాపు గీయించిన రిపబ్లికన్ నేత డేవిడ్ లూయిస్ అయితే, 11-2 (అంటే తమకు 11 సీట్లు, డెమోక్రాట్లకు 2) కుదరదనిపించింది కాబట్టే 10-3తో సరిపెడుతున్నామని కమిటీలో బాహాటంగానే చెప్పాడు. ఆ ఏడాది 53 శాతం ఓట్లతో 13లో 10 సీట్లు గెలిచారు. మేరీల్యాండ్‌లో డెమోక్రాట్లు చేసిందీ ఇదే. రెండు కేసులూ కలిపి విన్న సుప్రీంకోర్టు 2019 జూన్‌లో 5-4తో, ఇది ఫెడరల్ కోర్టులు తేల్చే విషయం కాదని చేతులు దులుపుకుంది. (మన దగ్గర డీలిమిటేషన్ కమిషన్ ఆర్డరు గెజెట్‌లోకి ఎక్కితే 329వ అధికరణ పుణ్యమా అని కోర్టు గడప తొక్కడమే గగనం, అది వేరే కథ.)

లా దారి మీద నా అనుమానం ఇక్కడే మొదలవుతుంది. ప్రజాస్వామ్యాన్ని కాపాడే లాయర్ అనిపించుకోవడం ఈమధ్య పిల్లల్లో ఫ్యాషన్ అయింది. తప్పని అనను. కానీ ఫెడరల్ తలుపు మూశాక మిగిలింది రాష్ట్రాల కోర్టులే, అక్కడ గెలుపు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. పెన్సిల్వేనియాలో నిలిచింది: 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు మ్యాపు కొట్టేసి కొత్తది పెడితే 13-5 కాస్తా 9-9 అయింది. మీ రాష్ట్రం చూడండి. 2022 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు మ్యాపు చెల్లదంది, ఆ నవంబరులో 7-7 వచ్చింది. అదే ఎన్నికల్లో కోర్టులో మెజారిటీ మారింది, ఎందుకంటే అక్కడ జడ్జీలనూ ఓటర్లే ఎన్నుకుంటారు, 2023 ఏప్రిల్లో ఆ కొత్త మెజారిటీ పాత తీర్పును తిరగరాసింది. 2024లో 10-4. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు, జడ్జీలు మారారు. ఏళ్ల తరబడి చాకిరీ చేసి గెలిచిన లాయర్లకు అది ఎలా ఉండి ఉంటుంది? మూడేళ్ల చదువు, దాని అప్పు ఇంకా కలపలేదు. 2026 జూలై నుంచి లా లాంటి కోర్సుల్లో కొత్తగా చేరేవాళ్లకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేల డాలర్లు దాటదు, పేరున్న స్కూళ్లలో ఫీజే అంతకన్నా ఎక్కువ. మిగతాది మీ జేబులోంచో ప్రైవేటు లోన్లోంచో రావాలి. సంస్థల్లో జీతాలు పెద్ద లా ఫర్ముల్లోలాగా ఉండవు.

ఇక మీకు నచ్చాల్సిన మాట. ఈ కేసుల్లో అసలు సాక్ష్యం లెక్కలే. మ్యాపు వంకరగా ఉందని జడ్జిని నమ్మించడానికి కంప్యూటర్‌తో వేల మ్యాపులు గీయిస్తారు, జనాభా సమానంగా ఉండాలి, కౌంటీలు వీలైనంత చీలకూడదు, పార్టీ ఊసు మాత్రం ఎత్తకూడదు. 2019 కేసులో ప్రొఫెసర్ జోవీ చెన్ గీయించిన 3,000 మ్యాపుల్లో ప్రతి ఒక్కదానిలోనూ డెమోక్రాట్లకు అసలు మ్యాపు కన్నా కనీసం ఒక సీటు ఎక్కువొచ్చింది. డ్యూక్ యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్ జొనాథన్ మ్యాటింగ్లీ 24,518 మ్యాపులు గీయించాడు, ఆ పని మొదలుపెట్టింది ఒక డిగ్రీ విద్యార్థినితో కలిసి. కేసు ఓడిపోయింది, లెక్కలు మాత్రం జస్టిస్ కేగన్ అసమ్మతి తీర్పులో చేరాయి. పెన్సిల్వేనియాలో గెలిచిన కేసులోనూ చెన్ సాక్షే. ఒక మెలిక ఉంది: ఇదే విద్యతో వంకర మ్యాపులూ గీయొచ్చు, అందుకూ డబ్బిచ్చేవాళ్లున్నారు, మీ అమ్మాయి ఏ బల్ల వైపు కూర్చుంటుందో ఆమే తేల్చుకోవాలి. పదేళ్లకోసారి, జనగణన తర్వాత వచ్చే సీజన్ పని అనేవాళ్లు, అదీ పోయింది. 2025లో టెక్సాస్ మధ్యలోనే గీసింది, జవాబుగా కాలిఫోర్నియా గీసింది, అక్టోబరులో మీ నార్త్ కరోలినా కూడా మళ్లీ గీసింది.

కాబట్టి నా ఓటు లెక్కలకు, లాకు తర్వాత. డిగ్రీ అయ్యాక ఒకట్రెండేళ్లు ఇలాంటి ప్రొఫెసర్ దగ్గరో, కేసులు నడిపే సంస్థలోనో డేటా పని చేయనివ్వండి. ప్రెసింక్టు (మన పోలింగ్ బూత్ లాంటిది) ఫైళ్లు ఎంత గజిబిజిగా ఉంటాయో చూశాక కూడా కోర్టే కావాలంటే అప్పుడు లా స్కూల్, అప్పుడు అడ్డుపడొద్దు. ఇదంతా వద్దనుకున్నా స్టాటిస్టిక్స్ వచ్చిన పిల్ల రోడ్డున పడదు, డేటా ఉద్యోగం ఎక్కడికీ పోదు. నిజంగా, మీరనుకున్నంత ప్రమాదం ఇందులో లేదు.

ఈ సెలవుల్లో ఒక పని పెట్టండి. జెర్రీచెయిన్ అని ఈ మ్యాపులు గీసే పైథాన్ లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది. మీ రాష్ట్రం డేటాతో వెయ్యి మ్యాపులు గీయించి, కేరీ ఎన్నిసార్లు ఏ నియోజకవర్గంలో పడిందో మీకు చూపించమనండి. చూపించేటప్పుడు పక్కన కూర్చోండి, పెళ్లి మాట ఎత్తకండి.