ఇరవై రెండా, పద్నాలుగా?

మొన్న సంక్రాంతికి తిరుపతి వెళ్ళినప్పుడు బైరాగిపట్టెడలో మా పక్కింటి అమ్మాయి పట్టుకుంది. పెళ్ళై మూడు నెలలు, మొగుడి దగ్గరికి చికాగో వస్తోంది. "పిన్నీ, పెళ్ళికి పెట్టిన ఇరవై సవర్లూ తెచ్చుకోనా? అక్కడ పద్నాలుగు క్యారెట్లే దొరుకుతుందంట గదా?" అని. కొత్తగా వచ్చే పిల్లలంతా అడిగేదే కాబట్టి, ఆ పిల్లకు చెప్పిందే రాస్తున్నాను.

మనకు బంగారమంటే 22 క్యారెట్లే. అంటే నూటికి 91.6 పాళ్ళు బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. ఇక్కడి కొట్లలో ఎక్కువగా కనిపించేది 14. అందులో 58.5 పాళ్ళే, పది గ్రాముల గొలుసు కొంటే ఆరు గ్రాముల బంగారం కూడా చేతికి రాదన్నమాట. మొదటిసారి నేను 14 క్యారెట్ల గాజులతో చిత్తూరు వెళితే మా అత్తమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇత్తడి కొన్నావేంది?" అంది. మన కళ్ళకు అంత పాలిపోయి కనిపిస్తుంది మరి.

కానీ ఆ గాజులు పదహారేళ్ళుగా నా చేతికే ఉన్నాయి. గిన్నెలు తోమినా, పార పట్టి మంచు ఎత్తినా సొట్ట పడలేదు. నా 22 క్యారెట్ల ఉంగరం మాత్రం రెండేళ్ళకే గుండ్రం పోయి కోడిగుడ్డులా తయారైంది. స్వచ్ఛత పెరిగేకొద్దీ బంగారం మెత్తబడుతుంది. అందుకే రాళ్ళ ఉంగరం 22లో చేయించుకోవద్దు, రాయిని పట్టుకునే కొక్కేలు వంగి ఒకరోజు రాయి ఎక్కడో జారిపోతుంది. వజ్రాలకు మన గాంధీ రోడ్డు కొట్లలోనూ 18 క్యారెట్లే చూపిస్తారు, అదే సరైనది. శ్రీవారి డాలరు వేసుకునే సన్న గొలుసు కూడా రోజూ మెడలో ఉండేదైతే కొక్కెం దగ్గర అరుగుతుంది, ఏడాదికోసారి చూపించుకో.

తెల్ల బంగారం సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే నేను అందులో దెబ్బ తిన్నాను. బంగారంలో నికెల్‌నో పల్లాడియంనో కలిపి తెలుపు తెప్పిస్తారు, పైన రోడియం పూత వేస్తారు. నేను కొన్నదాంట్లో నికెల్ అని కొట్టువాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. పూత అరిగాక వేలు చుట్టూ ఎర్రగా దద్దురు, ఒకటే దురద. సబ్బు పడలేదనుకుని నాలుగు సబ్బులు మార్చాను! చివరికి చర్మం డాక్టరు ఉంగరం తీయించాడు. వన్ గ్రామ్ గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవులు చీము పట్టేవాళ్ళకు చాలామందికి గిట్టనిది ఈ నికెలే. తెలుపే కావాలంటే పల్లాడియం కలిపిందా అని అడుగు, లేదా ప్లాటినం తీసుకో. ప్లాటినానికి పూత అక్కర్లేదు, కానీ బాగా బరువు, మన ఊళ్ళో మార్చుకోవడం బంగారమంత సులువు కాదు.

రేపు పిల్లలు పుట్టి ఇక్కడే చెవులు కుట్టించాల్సి వస్తే టైటానియం పోగులు అడుగు. అది చవక లోహమని చిన్నబుచ్చుకోవద్దు, ఎముకల ఆపరేషన్లలో శరీరం లోపల పెట్టేదే అది. పుండు మానాక అమ్మమ్మ పంపిన బంగారు పోగులు వేయొచ్చు.

మెట్టెలు వెండివే తెచ్చుకో. మువ్వలున్నవి మాత్రం వద్దు, చలికాలం సాక్సుల్లో తట్టుకుని ప్రాణం తీస్తాయి. చెమటకీ గాలికీ నల్లబడితే బెంగ పడకు, గాలిలో గంధకం తగిలితే వెండి నల్లబడటం మామూలే. ఇంకొకటి, చలికి వేళ్ళు సన్నబడతాయి. మా ఆయన పెళ్ళి ఉంగరం అలాగే గ్లవ్‌తో పాటు ఊడిపోయింది. మార్చిలో మంచు కరిగాక పార్కింగంతా వెతికాం, దొరకలేదు. ఈత కొలనుకు వెళ్ళేటప్పుడు అన్నీ తీసేయ్, క్లోరిన్ బంగారంలో కలిపిన లోహాలను తినేస్తుంది.

కొనేది తిరుపతిలోనైతే హాల్‌మార్క్ అనే ప్రభుత్వ స్వచ్ఛత ముద్రతో పాటు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకు ఇచ్చిన గుర్తింపు నంబరు, ఉందా చూడు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా అమ్మకూడదు, ప్రభుత్వపు బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే క్యారెట్ ఎంతో కనిపిస్తుంది. రెండు గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు కాబట్టి ముక్కుపుడకకు ముద్ర లేదని గొడవ పెట్టుకోకు. "కేడీఎం బంగారమమ్మా" అంటే మురిసిపోవద్దు. అది టంకంలో కలిపే కాడ్మియం పేరు, స్వచ్ఛత లెక్క కాదు, పైగా టంకం పెట్టేటప్పుడు వచ్చే దాని పొగ నగలు చేసే ఆచారుల ఊపిరితిత్తులకు చేటు. అమెరికాలో ఇలాంటి ప్రభుత్వ ముద్ర లేదు. క్యారెట్ ముద్ర వేస్తే పక్కనే కంపెనీ గుర్తు ఉండాలి, అది చూసుకో.

చివరికి ఆ పిల్ల పుస్తెల తాడు, నల్లపూసలు, ఒక జత కమ్మలు, పండగలకు ఒక నెక్లెస్ తీసి పక్కన పెట్టుకుంది. మిగతావి వాళ్ళమ్మ లాకరుకు తీసుకెళ్ళింది. రోజూ వేసుకునే గాజులు మాత్రం, "చికాగోలో నీతో వచ్చి కొంటాలే పిన్నీ" అంది.