ప్రశ్న – జవాబు: పెళ్లికి ముందే బాప్తిస్మమా?

ఇంగ్లండ్‌లో చిన్న పల్లెల్లో ఇల్లు తీసుకున్న పాఠకులు కొందరు ఆ ఊళ్ల పాత సంగతులు, ఇప్పటి వ్యవహారాలు అడుగుతూ రాశారు. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

మా ఊళ్లో నూట యాభై గడపలు, ఒక పాత చర్చి, ఒక పబ్బు ఉన్నాయి. ఊరు ఎంత పాతదో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా మీ ఊరు ఏ పారిష్ కిందికి వస్తుందో కనుక్కోండి. చర్చి, దాని చుట్టూ ఉన్న పొలాలు, చిన్నా చితకా పల్లెలు కలిపిన పరిధి పారిష్. పాత కాగితాలన్నీ పారిష్ పేరు మీదే ఉంటాయి. ఊరి పేరుతో వెతికి ఏమీ దొరకలేదని వదిలేసేవాళ్లలో చాలామంది పొరపాటు ఇక్కడే. ఇంకో మెలిక కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో చర్చి పారిష్, పాలనాపరమైన పారిష్ వేర్వేరయ్యాయి. రెంటి హద్దులూ కలవకపోవచ్చు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల కోసమైతే మీకు కావలసింది చర్చి పారిష్.

ఊరి పేరు కూడా కొంత చెబుతుంది. తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో పేరు చివర ‘బీ’, ‘థార్ప్’ ఉంటే డేన్ల (డెన్మార్క్ వైపు నుంచి వచ్చినవాళ్ల) వలస జాడ. ‘టన్’, ‘హామ్’ పాత ఇంగ్లిషు మాటలు. పేరొక్కటే చూసి కాలం తేల్చకండి.

తరువాత 1086 నాటి డూమ్స్‌డే లెక్క. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం రాజు చేయించిన ఈ సర్వేలో నాగళ్లు, మిల్లులు, పచ్చికబయళ్లు, 1066కు ముందు భూమి ఎవరిదో అన్నీ ఉంటాయి. అది రాసింది ఊళ్ల లెక్క కాదు, భూస్వామ్యాల లెక్క. అందుకే మీ ఊరి పేరు కనిపించకపోతే అప్పటికి ఊరు లేదని కాదు, పక్క ఊరి పద్దులో కలిసి ఉండొచ్చు. నార్తంబర్లాండ్, డరమ్ అయితే ఆ సర్వేలోకి రాలేదు. ఇంకో జాగ్రత్త: అందులో ఇరవై మంది రైతులున్నారంటే అది కుటుంబ పెద్దల లెక్క. ఊరి జనాభా కావాలంటే నాలుగైదు రెట్లు వేసుకోవాలి.

ఇంటి స్థలం ఎవరిదో తెలియాలంటే దశమభాగం మ్యాపులు చూడండి. చర్చికి ధాన్యం రూపంలో ఇచ్చే పదో వంతును డబ్బు కిందికి మారుస్తూ 1836లో చట్టం వచ్చింది. దానికోసం గీసిన మ్యాపులో ప్రతి మడికీ ఒక నంబరు ఉంటుంది. జతగా ఉండే పట్టికలో ఆ నంబరు దగ్గర యజమాని, కౌలుదారు, మడి పేరు, విస్తీర్ణం దొరుకుతాయి. మ్యాపు ఒక్కటే తీసుకుని పట్టిక వదిలేస్తే చేతికి వచ్చేది నంబర్లే. అంతకుముందే పొలాలకు కంచెలు వేసి పంచుకున్నప్పుడు దశమభాగం సంగతి కూడా తేల్చుకున్న పారిష్‌లకు ఈ మ్యాపు ఉండకపోవచ్చు. అక్కడ ఆ పంపకం దస్తావేజే దిక్కు.

మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న కుటుంబం కోసం చర్చి రిజిస్టరు చూశాను. దంపతుల పెళ్లి 1710 ఏప్రిల్‌లో, తొలి బిడ్డ బాప్తిస్మం 1710 జనవరిలో అని ఉంది. పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందా?

లేదు, ఆ దంపతులను అనుమానించకండి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే 1710 ఏప్రిల్ ముందు వచ్చింది, 1710 జనవరి తరువాత వచ్చింది. మన లెక్కలో ఆ బాప్తిస్మం 1711 జనవరిలో జరిగింది, పెళ్లయిన తొమ్మిది నెలలకు. మీ నోట్సులో ‘1710/11 జనవరి’ అని రాసుకోండి, రేపు మీరే తికమక పడకుండా ఉంటారు.

ఈ పద్ధతి 1751తో ముగిసింది. ఆ ఏడాది మార్చి 25న మొదలై డిసెంబరు 31నే అయిపోయింది. 1752 జనవరి 1న మొదలైంది. పైగా 1752 సెప్టెంబరు 2 తరువాతి రోజు సెప్టెంబరు 14. రిజిస్టరులో డిసెంబరు తరువాత జనవరి వచ్చినా సంవత్సరం మారకపోతే అది పాత లెక్క. వెబ్‌సైట్లలో ఎక్కించినవాళ్లలో కొందరు ఏడాది సరిచేసి రాశారు, కొందరు ఉన్నదున్నట్టు రాశారు. కాబట్టి సూచికను నమ్మకుండా అసలు పేజీ బొమ్మ చూడండి. బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా తీసుకోకండి.

రిజిస్టర్లు రాయమని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి ఆదివారం చర్చి వార్డెన్ల ఎదుట ఆ వారం పద్దులు రాయాలి, తప్పితే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. అయినా చాలా ఊళ్లలో రిజిస్టరు 1558తోనే మొదలవుతుంది. కారణం ఉంది. శతాబ్దం చివర పాత కాగితాలను తోలు పుటల మీదికి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి తొలి ఏడాది, అంటే 1558 నుంచి రాయమన్నారు. అంతకుముందువి చాలాచోట్ల వదిలేశారు. 1640లు, 1650ల్లో అంతర్యుద్ధం, ఆ తరువాతి గందరగోళం వల్ల పద్దులు సరిగ్గా దొరకవు. 1783 నుంచి 1794 దాకా ప్రతి పద్దుకూ 3 పెన్నీల పన్ను ఉండేది, నిరుపేదలకు మినహాయింపు. పేరు పక్కన ‘పి’ (పాపర్, అంటే నిరుపేద) అక్షరం కనిపిస్తే ఆ మినహాయింపే. ఆ అక్షరం ఉన్నవాళ్లంతా నిజంగా నిరుపేదలా అంటే నాకు కొంచెం అనుమానమే!

పాత రిజిస్టర్లు ఇప్పుడు సాధారణంగా కౌంటీ రికార్డు ఆఫీసులో ఉంటాయి, చర్చిలో కాదు. అక్కడ ఒక పుట పోయి ఉంటే నిరాశ పడకండి. ఏటా బిషప్‌కు పంపిన నకళ్లు ఉంటాయి, అవి అడగండి.

1841 జనాభా లెక్కల్లో ఒకాయన వయసు 35, పదేళ్ల తరువాత 49. తప్పు ఎవరిది?

ఎవరిదీ కాదు. 1841లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కిందికి, ఐదుల లెక్కకు దించి రాయమన్నారు. 39 ఏళ్లవాడు 35 అవుతాడు. పుట్టిన పారిష్ పేరు 1851 నుంచే దొరుకుతుంది, 1841లో అదే కౌంటీలో పుట్టాడా లేదా అన్నదే ఉంటుంది. 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు. ఆ ఖాళీలో పనికొచ్చేది యుద్ధం మొదలవగానే జనం వివరాలు రాసుకున్న 1939 రిజిస్టరు.

రోడ్డు గుంతల గురించి పారిష్ కౌన్సిల్‌కు చెబితే మా పని కాదన్నారు. మరి వాళ్ల పనేమిటి?

వాళ్లన్నది నిజమే. రోడ్లు పెద్ద కౌన్సిల్ చేతిలో ఉంటాయి, చాలాచోట్ల కౌంటీ కౌన్సిల్. పారిష్ కౌన్సిళ్లు 1894 చట్టంతో వచ్చాయి. ఆటస్థలం, బస్సు షెల్టరు, బెంచీలు, శ్మశానం, ఊరివాళ్లకు అద్దెకిచ్చే కూరగాయల మడులు ఇలాంటివి చూస్తాయి. కొత్త ఇళ్ల దరఖాస్తుల మీద అభిప్రాయం చెబుతాయి, నిర్ణయం మాత్రం వేరేవాళ్లది. ఖర్చుకు డబ్బు మీ కౌన్సిల్ టాక్సులోనే చిన్న పద్దుగా వసూలవుతుంది.

ఏదైనా తేలాలంటే సమావేశంలో లేచి మాట్లాడితే చాలదు. అజెండాలో లేని విషయం మీద కౌన్సిల్ చట్టబద్ధంగా తీర్మానం చేయలేదు. ఆ అజెండాను మూడు పూర్తి రోజుల ముందు బోర్డు మీద పెట్టాలి, నోటీసు పెట్టిన రోజు, సమావేశం రోజు, ఆదివారాలు లెక్కలోకి రావు. గురువారం సమావేశమైతే శనివారానికల్లా కాగితం బోర్డెక్కాలి. కాబట్టి క్లర్క్‌కు పది రోజుల ముందే రాతపూర్వకంగా పంపండి. కూరగాయల మడులు కావాలంటే ఆరుగురు ఓటర్లు కలిసి రాయండి. 1908 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆ కోరికను పరిశీలించి తీరాలి.

ఊళ్లో ఉన్న ఒక్క పబ్బునూ అమ్మేస్తారంటున్నారు. ఊరివాళ్లు కొనుక్కునే దారి ఉందా?

2011 నాటి లోకలిజం చట్టంలో ఒక దారి ఉంది. పబ్బును ‘ఊరికి విలువైన ఆస్తి’గా జిల్లా కౌన్సిల్ జాబితాలో చేర్పించాలి. పారిష్ కౌన్సిల్ అడగొచ్చు, లేదా స్థానిక ఓటర్లు 21 మంది బృందంగా అడగొచ్చు. కౌన్సిల్ ఎనిమిది వారాల్లో తేల్చాలి. చేరితే ఐదేళ్లు ఉంటుంది. ఆ తరువాత యజమాని అమ్మాలనుకుంటే ముందు కౌన్సిల్‌కు చెప్పాలి. ఆరు వారాల్లోపు ఊరి తరఫున ‘మేం కొంటాం’ అని రాస్తే, యజమాని చెప్పిన రోజు నుంచి ఆరు నెలల దాకా బయటివాళ్లకు అమ్మడానికి వీల్లేదు.

చాలా ఊళ్లు బోల్తా పడేది ఇక్కడే. జాబితాలో చేర్చమని అడగడానికి 21 సంతకాలు చాలు గాని, కొంటామని రాయడానికి చాలవు. దానికి పారిష్ కౌన్సిల్ గాని, రిజిస్టరైన ట్రస్టు, కంపెనీ లాంటి సంస్థ గాని ఉండాలి. నోటీసు వచ్చాక సంస్థ పెట్టడం మొదలుపెడితే ఆరు వారాలు కాగితాలకే సరిపోతాయి. రెండోది, పబ్బు నడుస్తుండగా వ్యాపారంతో సహా అమ్మితే ఈ నిబంధన వర్తించదు. మూడోది, ఆరు నెలల తరువాత యజమాని మీకే అమ్మాలని ఎక్కడా లేదు, మీ ధర నచ్చకపోతే ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. అందుకని అమ్మకం మాట వినిపించకముందే జాబితాలో చేర్పించుకోవడం మంచిది. పబ్బును పడగొట్టాలన్నా, దుకాణంగా మార్చాలన్నా 2017 నుంచి ప్లానింగ్ అనుమతి కావాలి, అదొక్కటి మీకు అండ.

మా ఊళ్లో పాత ఎర్రటి ఫోను బూత్‌లో పుస్తకాలు పెట్టారు. నేను కూడా ఒకటి కొనుక్కోవచ్చా?

వాటిని బీటీ అనే ఫోను సంస్థ ఒక పౌండుకు ఇస్తుంది గాని, సాధారణంగా వ్యక్తులకు కాదు. పారిష్ కౌన్సిల్, ధార్మిక సంస్థ లాంటివి అడగాలి. లోపలి ఫోను తీసేసి ఇస్తారు.

కంచెలు లేని పాతకాలపు ఉమ్మడి పొలాలు ఎక్కడైనా మిగిలాయా?

నాటింగమ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌లో ఉన్నాయి. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పెద్ద చేలు. ఒక్కో రైతు భూమి మూడింట్లోనూ పట్టీలు పట్టీలుగా ఉంటుంది. ఒక చేలో గోధుమ, రెండోదాంట్లో వసంతంలో విత్తే పంట, మూడోది బీడు, ఏటా ఈ వరస ఒక అడుగు జరుగుతుంది. 1635లో మార్క్ పియర్స్ గీసిన ఊరి మ్యాపు ఉంది కాబట్టి అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూడొచ్చు. భూమి 2020లో రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్ నుంచి థోర్స్‌బీ ఎస్టేట్ చేతికి వచ్చింది.

నవంబరు చివర వెళితే జ్యూరీ పని చూడొచ్చు. రైతుల్లోంచే ఎంపికైన జ్యూరీ సభ్యులు గోధుమ చేలో తిరిగి, ఎవరైనా దున్నుతూ దారి మీదికో పచ్చిక మీదికో జరిగారేమో చూస్తారు, హద్దు దగ్గర మేకులు పాతుతారు. ఆక్రమించినవాళ్లకు వారం తరువాత జరిగే ఊరి కోర్టులో జరిమానా. చేను చూసిన రోజు జ్యూరీ సభ్యుల భోజనం మాత్రం పబ్బులోనే.