కొండదారి: అడవిలో మాట్లాడాలా, ఊరుకోవాలా?

ప్రశ్న: వచ్చే నెలలో పదేళ్ల మా బాబుతో కలిసి కొండల్లో ఒక చెక్క ఇంట్లో మూడు రోజులు ఉండబోతున్నాం. జంతువుల్ని చూడాలని వాడి ఆశ. ఒకరేమో ‘చప్పుడు చేస్తే ఒక్కటీ కనపడదు’ అంటున్నారు. ఇంకొకరేమో ‘చప్పుడు చెయ్యకపోతే ఎలుగుబంటికి ఎదురుపడతారు’ అని భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినండమ్మా. నడవడం ఒక పని, చూడడం ఇంకో పని. రెండూ ఒకేసారి కానిచ్చేద్దామనుకుని నేను ఓసారి చావు తప్పి బయటపడ్డాను.

ఆ రోజు తెల్లవారుజామున పిల్లిలా అడుగులేస్తూ, నా నడకకు నేనే మురిసిపోతూ, వాగు పక్కన దారి మలుపు తిరిగాను. ఇరవై అడుగుల దూరంలో ఎలుగుబంటి తల దించుకుని నేల తవ్వుకుంటోంది. వాగు హోరులో నా చప్పుడు దానికి వినపడలేదు. గాలి దాని వైపు నుంచి నా వైపు వీస్తోంది కాబట్టి నా వాసనా అందలేదు. తలెత్తి ఒక్కసారి బుస్సుమంది. నేను పరుగెత్తలేదు. ధైర్యం ఉండి కాదు, కాళ్లు కదల్లేదు, అంతే. అదే మంచిదైంది. ఎలుగు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, నేనెంత? కాసేపటికి నోరు పెగిలింది. ఏం మాట్లాడాలో తోచక మెల్లగా పదమూడో ఎక్కం చదువుతూ, దాన్ని చూస్తూనే ఒక్కో అడుగూ వెనక్కి వేశాను. అది పొదల్లోకి వెళ్లిపోయింది. ఎక్కం ఎక్కడ ఆగిందో గుర్తులేదు.

కాబట్టి నడిచేటప్పుడు మామూలుగా కబుర్లు చెప్పుకోండి. మలుపుల దగ్గర, వాగుల పక్కన, గుబురు పొదల మధ్య చప్పట్లు కొట్టి గొంతు పెంచండి. సంచికి చిరుగంటలు కట్టుకుంటే చాలనుకోకండి, మనిషి గొంతే మేలు. బాబు మీ ఇద్దరి మధ్య నడవాలి, ముందుకు ఉరకకూడదు. చిరుతలాంటిది ఎదురుపడితే వాణ్ని వెంటనే దగ్గరికి తీసుకుని, మీరు నిటారుగా నిలబడి చేతులెత్తి పెద్దగా కనపడండి. వంగకండి, వీపు చూపించకండి.

ఇక చూసే పని. దీనికి నడవనక్కర్లేదు, కూర్చోవాలి. ఎదురుగా బయలు వాలు కనపడే చోటు వెతకండి. మధ్యలో లోయ ఉంటే ఇంకా మంచిది, అది దాటి మీరూ తేలిగ్గా వెళ్లలేరు, అవీ తేలిగ్గా రాలేవు. కొండల్లో గాలికి ఒక అలవాటుంది. రాత్రి చల్లబడిన గాలి తెల్లవారేదాకా వాలు మీదుగా కిందికి జారుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక పైకి ఎక్కుతుంది. అందుకని మన వాసన వాటికి అందకుండా పొద్దున్నే కింద కూర్చుని పైకి చూడాలి, పొద్దెక్కాక పై నుంచి కిందికి. అనుమానముంటే చిటికెడు పొడిమట్టి జారవిడిచి చూడండి. అరగంట కదలకుండా కూర్చుంటే రాళ్లనుకున్నవి మెల్లగా మేస్తూ కదులుతాయి. పదేళ్ల వాడికి అరగంటంటే యుగమే, తెలుసు. దుర్భిణి వాడి చేతికే ఇవ్వండి. 8×42 రకం, అంటే ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందరి అద్దం 42 మిల్లీమీటర్లది, చాలు. 100 గజాల దూరానున్నది పన్నెండు గజాల దగ్గరికి వచ్చినట్టుంటుంది. అంతకన్నా ఎక్కువగా పెద్దది చేసి చూపేవి కొంటే చేతి వణుకూ పెద్దదై కనిపిస్తుంది.

ఎంత దూరం ఉండాలి అంటే, అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఎలుగుబంట్లకీ తోడేళ్లకీ కనీసం 100 గజాలు, తక్కిన చాలా జంతువులకు 25 గజాలు అని నియమం. గజాలు కొలవలేని చోట చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు జంతువు మీదికి పెట్టి చూడాలి. వేలు చాటున అది పూర్తిగా దాగితే సరే. నా మట్టుకు నేను ఇంకొకటి చూస్తాను. అది మేత ఆపి నా వంక చూసిందంటే, ఎంత దూరంలో ఉన్నా నేను దగ్గరికొచ్చేసినట్టే. వెనక్కి జరుగుతాను.

ప్రశ్న: మేం వెళ్లే చోట కొండమేకలు బాట మీదికే వస్తాయట, మనుషుల్ని చూసి బెదరవట. పక్కన నిలబడి ఫొటో తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అవి వచ్చేది మీ మీద ప్రేమతో కాదు, ఉప్పు కోసం. మన చెమట, మూత్రం వాటికి ఉప్పు గనులు. మేకే కదా అనుకుంటారు గానీ, అమెరికాలోని ఒలింపిక్ పార్కులో 2010లో ఒక మేక పొడవడంతో ఒకాయన చనిపోయారు. అక్కడ ఆ మేకలు పుట్టుకతో ఉన్నవి కావు, 1920లలో మనుషులు తెచ్చి వదిలినవి. చివరికి 2018 నుంచి 2020 వరకు 300కు పైగా మేకల్ని పట్టి, హెలికాప్టర్లకు వేలాడదీసి, వేరే కొండలకు తరలించారు. మీరు చెయ్యాల్సింది చిన్న పనే. మూత్రానికి బాటకు బాగా దూరంగా వెళ్లండి, చెమట బట్టలు బయట ఆరేయకండి. మేక వెంటబడితే కేకలేసి, రాళ్లు విసిరి తరమండి. పాపమేమీ లేదు.

ప్రశ్న: పోయినసారి గడ్డిలో ఒంటరిగా ముడుచుకుని పడుకున్న జింకపిల్ల కనపడింది. తల్లి లేదు. వదిలేసి వచ్చినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఎత్తుకు రావాల్సిందా?

జవాబు: వదిలేసి మంచి పని చేశారు. పుట్టిన కొత్తలో పిల్లకు వాసన చాలా తక్కువ. తల్లి పక్కనే ఉంటే తన వాసనతో వేటాడే జంతువులు వస్తాయని దాన్ని దాచి దూరంగా మేస్తుంది, పాలివ్వడానికి వచ్చి పోతుంది. మీరు అక్కడ నిలబడ్డంతసేపూ ఆ తల్లి ఏ చెట్టు చాటునో మీరెప్పుడు కదులుతారా అని చూస్తూ ఉండి ఉంటుంది.