కలాంచోకి చీకటి కావాలమ్మా

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. సంక్రాంతికి కొన్న కలాంచో పూలమొక్కకి పూలన్నీ ఎండిపోయాయి గానీ ఆకులు ఇంకా నిగనిగలాడుతున్నాయి. పారేసి ఇంకోటి తెచ్చుకోనా అని అడిగావు. వద్దమ్మా. సరిగ్గా చూసుకుంటే ఇది ఏళ్ల తరబడి బతుకుతుంది, ఏటా పూస్తుంది. పూలు వాడగానే చెత్తబుట్టలో వేసేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఎండిన పూలకాడలు తీసెయ్యి. పైపైన పూలు గిల్లి ఊరుకోకు. కాడ మొదటిదాకా వెళ్లి, కింద కనిపించే ఆకుల జతకి కాస్త పైన శుభ్రమైన కత్తెరతో కొయ్యి. ఆ ఆకుల సందుల్లోంచి కొత్త కొమ్మలు వచ్చి మొక్క గుబురవుతుంది.

తర్వాత కుండీ సంగతి. ఫొటోలో మొక్క తెల్లటి పింగాణీ కుండీలో ఉంది. దాన్ని ఎత్తి చూడు, లోపల ఇంకో ప్లాస్టిక్ కుండీ ఉండే ఉంటుంది. పోసిన నీళ్లన్నీ ఆ పింగాణీ అడుగున నిలిచి, వేళ్లు రోజంతా నానుతుంటాయి. ఈ మొక్క చచ్చిపోయేది చాలామటుకు ఇలాగే. అడుగున చిల్లులున్న మట్టికుండీలోకి మార్చు, పెద్దది అక్కర్లేదు. సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక, రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్ట్ కలిపితే చాలు. నర్సరీ నుంచి వచ్చే మొక్క వేళ్ల చుట్టూ కొబ్బరిపొట్టు ముద్దలా ఉంటుంది. వేళ్లు తెగకుండా, ఊడొచ్చినంత మట్టుకే దాన్ని విదిలించు.

నీళ్లకి వారం లెక్క పెట్టుకోవద్దు. వేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చు. తడి తగిలితే ఆగు, పొడిగా ఉంటే మట్టికే, కింది చిల్లులోంచి కారేదాకా పొయ్యి. ఆకుల మీద పోయకు. ఆకుని రెండు వేళ్ల మధ్య నొక్కి చూడటం కూడా అలవాటు చేసుకో. నీళ్లు సరిపడా ఉన్న ఆకు మందంగా, గట్టిగా ఉంటుంది. దాహమేస్తే పల్చబడి ముడతలు పడుతుంది. నీళ్లెక్కువైనా మొక్క వాడినట్టే కనిపిస్తుంది, అక్కడే చాలామంది పొరబడి ఇంకా పోస్తారు. అప్పుడు కాండం మొదలు నొక్కి చూడు. నల్లబడి మెత్తగా ఉంటే అది కుళ్లు. ఇక ఆ వేళ్ల మీద ఆశ పెట్టుకోకుండా, పైన బాగున్న కొమ్మల్ని కోసి నాటుకో.

దీనికింత తక్కువ నీళ్లు ఎలా సరిపోతాయో చెబుతాను. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలిస్తే, ఇది రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా మార్చి ఆకుల్లో దాచుకుని, పగలు ఎండ రాగానే రంధ్రాలు మూసుకుని వాడుకుంటుంది. అందుకే నీరు అంతగా ఆవిరైపోదు. మన రణపాల దీనికి దగ్గర చుట్టమే. రణపాల ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి ఆ రుచి పోతుందనీ బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1813లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆయన ఒకప్పుడు మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసుకున్న మనిషే. అలాగని నీ కలాంచో ఆకు నోట్లో వేసుకోకు! దీని జాతి మొక్కల్లో, ముఖ్యంగా పూలల్లో, గుండె మీద పనిచేసే విషాలుంటాయి. రణపాల కిడ్నీలో రాళ్లకి మంచిదని ఎవరో చెప్పారని దీన్ని తినబోయేరు.

ఇప్పుడు అసలు సంగతి. మళ్లీ పూలు రావాలంటే దీనికి కావలసింది ఎరువు కాదు, పొడుగాటి రాత్రి. రోజుకి 14 గంటల చీకటి ఆరు వారాలపాటు అందితే మొగ్గ కడుతుంది. దీని పుట్టిల్లు మడగాస్కర్‌లోనూ రాత్రులు పెరిగే కాలంలోనే పూస్తుంది. మన దగ్గర చలికాలంలో రాత్రులు ఎలాగూ పెద్దవే, చిక్కల్లా మన ఇళ్లతోనే. మీ హాల్లో ట్యూబ్‌లైటు పదకొండుదాకా వెలుగుతుంది, ఆ వెలుగు మొక్కకి పగలే. బాల్కనీలో పెట్టినా వీధిదీపం నేరుగా పడితే అదే గతి. ఆకులు చక్కగా పెరుగుతాయి, పువ్వు మాత్రం రాదు. అందుకని అక్టోబరు మొదటివారం నుంచి సాయంత్రం ఆరింటికి దాని మీద ఓ అట్టపెట్టె బోర్లించు, పొద్దున ఎనిమిదింటికి తియ్యి. మధ్యరాత్రి తీసి చూడొద్దు, కాసేపు లైటు పడినా ఆ రాత్రి చెడుతుంది. పగలు మాత్రం మంచి వెలుతురు ఉండాలి. మొగ్గలు స్పష్టంగా కనిపించాక పెట్టె అక్కర్లేదు. ఇలా చేస్తే సంక్రాంతి ముందూ వెనకా పూలు చూస్తావు.

ఈ లోపల వేసవి గట్టెక్కించాలి. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండ నేరుగా తగలనివ్వకు, పొద్దుటి ఎండ చాలు. ఆకుల అంచులు ఎర్రబడితే ఎండ ఎక్కువైందని, కొమ్మలు సన్నగా సాగితే తక్కువైందని అర్థం. వానాకాలంలో చూరు కిందికి జరుపు. జులై నుంచి సెప్టెంబరుదాకా నెలకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీళ్లకి ఒక గ్రాము కలిపి పొయ్యి.

ఆకుల మొదట్లో తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అది పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచెయ్యి, వారం తర్వాత మళ్లీ చూడు. ఒకసారితో పోదు.

కత్తిరించిన కొమ్మల్లో పూలకాడలు కాకుండా ఆకులున్నవి మూణ్నాలుగు అంగుళాలవి ఉంటే దాచు. రెండు మూడు రోజులు నీడలో ఉంచి, కోసిన చోట ఎండాక తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లు పడతాయి. నాకూ ఒకటి పెట్టు, ఉగాదికి వచ్చినప్పుడు తీసుకుంటాను.

అన్నట్టు మీ పిల్లి ఆకులు కొరుకుతుందన్నావు. ఈ మొక్క పిల్లికీ, కుక్కకీ ప్రమాదం. ఆ కిందిషెల్ఫ్ మీంచి ఇవాళే తీసి, పిల్లి గెంతలేనంత ఎత్తులో కిటికీ గ్రిల్‌కి వేలాడదియ్యి. రాలిన ఆకులు కూడా నేల మీద ఉంచకు.

మీ పెద్దమ్మ