మడ్ ట్యాక్స్ ఎక్కువ ఉన్న కమ్యూనిటీలో ఇల్లు కొనొచ్చా?

మీరు అడిగింది ఇదీ: హ్యూస్టన్ పక్కన కేటీలో కొత్త కమ్యూనిటీలో ఇల్లు నచ్చింది, కానీ స్కూలు, కౌంటీ పన్నులు కాకుండా మడ్ అని ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకి 1.20 వేశారు, ఇది ఎవరు పెట్టారు, ఎప్పటికైనా పోతుందా అని. మేమూ ఫోర్ట్‌బెండ్ కౌంటీలో ఇలాంటి చోటే కొన్నాం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మడ్ అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) లాంటి ప్రైవేటు సంఘం కాదండి, పన్ను వేసే అధికారం ఉన్న చిన్న ప్రభుత్వం. సిటీ నీళ్లు, డ్రైనేజీ రాని చోట డెవలపర్ పొలాలు కొంటాడు. అక్కడ బోర్లు, నీళ్ల ప్లాంటు, మురుగునీటి ప్లాంటు, వాననీటి చెరువులు కట్టాలంటే మిలియన్ల డాలర్లు కావాలి. అందుకని భూమి యజమానులు (విలువ లెక్కన సగానికి పైగా భూమి ఉన్నవాళ్లు సంతకం పెట్టాలి) టీసీఈక్యూ అనే రాష్ట్ర పర్యావరణ కమిషన్‌కి పిటిషన్ పెడతారు, లేదా శాసనసభలో ప్రత్యేక చట్టం చేయించుకుంటారు. తర్వాత ఐదుగురు తాత్కాలిక డైరెక్టర్లు వస్తారు, ఒక ఎన్నిక జరుగుతుంది. ఆ ఎన్నికలోనే డిస్ట్రిక్ట్ ఖాయమవుతుంది, మామూలుగా ఎంత అప్పు దాకా బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మొచ్చో కూడా అందులోనే తేలిపోతుంది. అప్పటికి అక్కడ ఇళ్లే ఉండవు. ట్రైలర్లలో (చక్రాల ఇళ్లలో) ఉంటున్న ఇద్దరు ముగ్గురు ఓటేస్తే వందల మిలియన్ల అప్పుకి అనుమతి వచ్చిన సందర్భాలున్నాయి, తర్వాత వచ్చే వేలమంది దాన్ని తీర్చాలి. ఇది తెలిసిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ ఈ పద్ధతి సరైనదని నేను అనుకోను.

కాకపోతే మొదటి ఖర్చు డెవలపరే పెట్టుకుంటాడు. ఇళ్లు లేచి పన్ను విలువ పెరిగాక డిస్ట్రిక్ట్ బాండ్లు అమ్మి అతనికి తిరిగి ఇస్తుంది, ఆ బాండ్లని మనం ఇరవై, పాతికేళ్లు తీరుస్తాం. 4 లక్షల డాలర్ల ఇంటికి 1.20 అంటే ఏడాదికి 4,800, నెలకి 400. ఇళ్లు పెరిగేకొద్దీ రేటు తగ్గుతుందని సేల్స్ వాళ్లు చెప్తారు, అది నిజమే కానీ సగమే నిజం. ఇంకా అమ్మని బాండ్లు మిగిలి ఉంటే కొత్త అప్పు వస్తూనే ఉంటుంది. కాబట్టి ఓటర్లు అనుమతించింది ఎంత, ఇప్పటికి అమ్మింది ఎంత అని చూడండి. ఈ అంకెలున్న నోటీసు అగ్రిమెంట్‌కి ముందే మీకు ఇవ్వాలని టెక్సస్ చట్టం. మేము దాన్ని మిగతా కాగితాలతో పాటు చదవకుండానే సంతకం పెట్టేశాం.

ఇంకో దెబ్బ రెండో ఏడాది తగిలింది. పన్ను జనవరి 1న ఉన్న విలువ మీద వేస్తారు, ఆ రోజుకి మా ఇల్లు ఇంకా పునాది దగ్గరే ఉంది. లోన్ ఇచ్చినవాళ్లు ఆ చిన్న పన్ను చూసే ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా లోన్‌తో పాటు కట్టించుకునే డబ్బు) లెక్కగట్టారు. మరుసటి ఏడాది నెల కట్టేది ఒకేసారి 700 డాలర్లు పెరిగింది, పాత లోటు దానికి అదనం. ఆ మూడు నెలలు ఇంట్లో ఒకటే టెన్షన్. మీరు మొదటి నెల నుంచే పూర్తి ఇంటి విలువ మీద లెక్క వేసుకుని డబ్బు పక్కన పెట్టుకోండి.

నీళ్ల బిల్లు సంగతి కూడా చెప్పాలి. బోర్లతో నీళ్లు తోడి తోడి హ్యూస్టన్ చుట్టుపక్కల నేల కుంగింది, షిప్ ఛానల్ (ఓడల కాలువ) వైపు కొన్ని చోట్ల దాదాపు 10 అడుగులు. అందుకే 1975లో హ్యారిస్, గాల్వెస్టన్ కౌంటీలకి, 1989లో ఫోర్ట్‌బెండ్‌కి సబ్సిడెన్స్ డిస్ట్రిక్టులు (నేల కుంగకుండా బోర్ల వాడకాన్ని అదుపు చేసే సంస్థలు) పెట్టి నది నీళ్లకి మారమన్నారు. ఆ మార్పు ఖర్చు మీ బిల్లులో వాటర్ అథారిటీ ఫీజుగా విడిగా కనిపిస్తుంది, మా ఇంట్లో అది అసలు నీళ్ల ఛార్జీ కన్నా ఎక్కువ.

“రేపు సిటీ మన ఏరియాని తనలో కలిపేసుకుంటే మడ్ పోతుంది” అని ఎవరైనా అంటే నమ్మి కొనకండి. 2019 చట్టం తర్వాత అక్కడి వాళ్ల ఒప్పుదల లేకుండా సిటీలు కలుపుకోవడం దాదాపు ఆగిపోయింది.

నేను మడ్ బోర్డు మీటింగులకి వెళ్లడం మొదలుపెట్టింది ఆ ఎస్క్రో దెబ్బ తర్వాతే. మొదటిసారి బోర్డు, లాయరు, ఇంజినీరు కాకుండా నేనూ, ఇంకొకాయనా, అంతే. ఇంత డబ్బు నడిచే చోట వినేవాళ్లు ఇద్దరమే! ఇళ్లు రెట్టింపయ్యాయి కదా, రేటు ఎందుకు కదలట్లేదని అడిగితే ఓపిగ్గానే లెక్కలు చూపించారు. తర్వాత మా వీధివాళ్లు పదిమంది దాకా రావడం మొదలుపెట్టారు, ఏడేళ్లలో రేటు 1.25 నుంచి 0.98కి వచ్చింది. అంతా మా వల్లే అనను, కానీ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరం అడిగాం. డైరెక్టర్ అవ్వాలంటే సిటిజన్ అయి ఉండాలి, వెళ్లి మాట్లాడటానికి మాత్రం వీసా ఏదైనా పర్వాలేదు. రేటు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు మీటింగుల్లో ఖాయం చేస్తారు, మీరు ఈలోపే కొంటే ఆ మీటింగుకి తప్పకుండా వెళ్లండి.