పని నేర్పితే పోతరని నేర్పకుంటే ఎట్ల?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు ఆఫీసు. పన్నెండేళ్ల నుంచి ఎలక్ట్రికల్ కాంట్రాక్ట్ పనులు చేస్తున్న, ఇప్పుడు 14 మంది ఉన్నరు నా దగ్గర. అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు, ఒకటి రెండు రైస్ మిల్లులు, గివే పనులు. బాధ ఏందంటే హెల్పర్‌గ వచ్చిన పిలగాడు రెండేళ్లుండి చేతికి పని రాంగనే హైదరాబాద్ పోతుండు, లేకుంటే ఏజెంట్‌ని పట్టుకొని దుబాయ్ పోతుండు. ఈ ఏడు ముగ్గురు పోయిండ్రు. సీనియర్ వైర్‌మ్యాన్ ఒకాయన ఉన్నడు, చెయ్యి మంచిది గాని ఎవ్వరికి ఏం చెప్పడు, అడిగితే కసురుతడు. మొన్న ఒక ఫ్లాట్‌ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే షాక్ కొట్టకుండ లైన్ ఆపేసే స్విచ్) మాటిమాటికి ట్రిప్ అయితుందని మా పిలగాళ్లు దాన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చి వచ్చిండ్రు, ఓనర్ ఫోన్ చేసి నన్ను తిట్టిండు. పని నేర్పాల్నా, నేర్పితే పోతరా, ఏం సమజైతలేదు.
– ఒక కాంట్రాక్టర్, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, ముందుగాల ఆ ఆర్‌సీసీబీ సంగతి చూద్దాం, నువ్వు అడిగినదాంట్ల సగానికి జవాబు అక్కడనే ఉంది. ఇయ్యాల్నే మనిషిని పంపి దాన్ని మళ్ల పెట్టియ్యి, ఇది రేపటి దాకా ఆగే పని కాదు, ఆ ఇంట్ల పిల్లలుంటరు, గీజర్ ఉంటది. ఇగ అది ఎందుకు ట్రిప్ అయిందో మీ పిలగాళ్లను అడుగు. "పీస్ ఖరాబైంది సార్" అంటరు. ఖరాబైన పీసులు ఎప్పుడో ఒకటి ఉంటయి గాని కొత్త ఫ్లాట్‌ల ఎక్కువసార్లు న్యూట్రల్, అంటే కరెంట్ తిరిగొచ్చే తీగ, వేరే సర్క్యూట్‌దాంతోని కలిసి ఉంటది, లేకుంటే న్యూట్రల్ యాడనో ఎర్త్‌కు తగిలి ఉంటది. బెడ్‌రూం బోర్డుల న్యూట్రల్ అందలేదని పక్క సర్క్యూట్‌ది గుంజి కట్టేస్తరు, బల్బు వెలుగుతది, పని అయింది అనుకుంటరు. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే, ఫేజ్‌ల పోయిన కరెంట్ న్యూట్రల్‌ల అంతే తిరిగొచ్చిందా లేదా అని. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కొట్టేస్తది. 60 వాట్ల మామూలు బల్బు పావు ఆంపియర్ గుంజుతది, అది వేరే న్యూట్రల్‌కెళ్లి పోయిందంటే ఎనిమిది రెట్ల తేడా, మరి కొట్టక ఏం చేస్తది?

ఇది నోటితోని చెప్తే ఎక్కదు. ఆఫీసుల ఒక ప్లైవుడ్ ముక్క మీద రెండు ఆర్‌సీసీబీలు, నాలుగు ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే పడే స్విచ్‌లు), నాలుగు హోల్డర్లు బిగియ్యి, స్టోర్‌ల పడి ఉన్న సామానే చాలు. శనివారం పేమెంట్లు ఇచ్చే ముందు అరగంట అందర్ని దాని ముందట నిలబెట్టు. ఒక బల్బు ఫేజ్ మొదటి ఆర్‌సీసీబీల నుంచి, న్యూట్రల్ రెండోదాంట్ల నుంచి కట్టుమను, స్విచ్ వెయ్యమను. టక్కుమని పడుతది. "ఎందుకు పడ్డది?" అని అడిగి నువ్వు ఊకో, జవాబు చెప్పకు. వాళ్లల్ల వాళ్లు కొట్లాడి తేల్చుకున్న పిలగాడు జన్మల మళ్ల ఆర్‌సీసీబీ పీకి డైరెక్ట్ ఇయ్యడు. నా దగ్గర ఇట్లాంటి బోర్డు ఇరవై ఏళ్ల నుంచి ఉంది, ప్లైవుడ్ మూడుసార్లు మార్చిన.

అది పెట్టడానికి కారణం ఒకటుంది, చెప్తా. కాజీపేటల ఒక ఇంట్ల పాత ఫ్యాన్ దించుతుంటే మా హెల్పర్‌కు షాక్ కొట్టింది, నిచ్చెన మీదికెళ్లి పడి చెయ్యి విరిగింది. పంతొమ్మిదేళ్ల పిలగాడు. మెయిన్ ఆఫ్ చేసే ఎక్కిండు పాపం, కానీ ఆ ఫ్యాన్ ఇన్వర్టర్ లైన్ మీద ఉంది, మెయిన్ ఆఫ్ అయితే ఇన్వర్టర్ ఆన్ అయితదని వాడికి ఎవ్వరు చెప్పలే. నేనే చెప్పలే. ఆ రాత్రి ఎంజీఎం దవాఖాన వరండాల వాళ్ల అమ్మ పక్కన కూసున్నప్పుడు నాకు తెలిసింది, వాడు ఏడాది నుంచి నా దగ్గర పని చేస్తుండు గాని నేను వాడితోని గోడలు కొట్టిపిచ్చిన, పైపులు మోపిచ్చిన, చాయ్ తెప్పిచ్చిన, అంతే. అప్పటి సంది మా దగ్గర "ఆఫ్ చేసిన" అన్న మాట చెల్లదు. టెస్టర్ ముందు కరెంట్ ఉన్న పాయింట్‌ల పెట్టి చూడాలె, వెలిగితే టెస్టర్ మంచిగున్నట్టు, తర్వాత పని చేసే కాడ పెట్టాలె, మళ్ల ఉన్న పాయింట్‌ల పెట్టాలె. మూడుసార్లు. నలభై ఏళ్ల అనుభవం ఉన్నోడైనా సరే, మా సైట్‌ల అట్లనే.

ఇగ పోయేటోళ్ల సంగతి. పోతరు తమ్ముడూ. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్ పోవుడు ఇయ్యాల మొదలైంది కాదు, ఇంట్ల అప్పు ఉంటది, చెల్లె పెండ్లి ఉంటది, వాడిని నువ్వు ఆపలేవు. కానీ హైదరాబాద్ పోయేటోళ్లల్ల చానామంది పైసల కోసమే పోరు, నీ దగ్గర ఉంటే నేను ఏమైత అన్నది కనపడక పోతరు. రెండేళ్లాయె ఇంకా హెల్పర్ అంటవు, వాడు డీబీ (ఇంటి స్విచ్‌లన్నీ ఉండే మెయిన్ డబ్బా) డ్రెస్సింగ్ మొత్తం చేస్తుండు, పేరు మాత్రం సీనియర్‌ది. ఏ పని వస్తే రోజుకూలి ఎంత పెరుగుతదో కాయితం మీద రాసి ఆఫీసుల అతికియ్యి. స్లాబ్ పైపింగ్ ఒక్కడే చేసుడు, వైర్లు లాగి పాయింట్లు ఇచ్చుడు, డీబీ కట్టుడు, మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మిషన్) పెట్టి చూసి రీడింగ్ రాసుడు, ఒక్కోదానికి ఒక రేటు. నా దగ్గర డీబీ మూత లోపల కట్టినోడి పేరు, తారీఖు మార్కర్‌తోని రాస్తరు. కంప్లైంట్ వస్తే తిట్టడానికి అని కాదు, వాడినే తోలుకపోయి మూత తెరిచి చూపిస్తం, వాడి తప్పు వాడే దిద్దుకుంటడు. మా పిలగాళ్లు ఆ మూతలకు ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటరు.

వైరింగ్ పని చేసేటోళ్లకు సర్కారు ఇచ్చే పర్మిట్ విషయంల మాత్రం నాకు నీ మీద కొంచెం కోపమే ఉంది, ఉత్తరంల ఆ ఊసే లేదు. రూల్ ప్రకారం వైరింగ్ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ కింద, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్నోడు దగ్గరుండి, పర్మిట్ ఉన్నోళ్లే చెయ్యాలె, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 సేఫ్టీ రెగ్యులేషన్లు కూడా అదే చెప్తున్నయి. నీ 14 మందిల పర్మిట్ ఎంతమందికి ఉందో లెక్క తియ్యి. లేనోళ్లకు దరఖాస్తు నువ్వే పెట్టియ్యి, ఫీజు నువ్వే కట్టు. "పర్మిట్ వస్తే పోతడు" అని భయపడకు. పర్మిట్ లేకుంటే కూడా పోతుండు కదా! మా దగ్గర పర్మిట్ తెచ్చుకొని పోయిన ఇద్దరు ఇప్పుడు పరకాల దిక్కు సొంతంగ పనులు పట్టుకుంటున్నరు, పని ఎక్కువైతే నన్నే పిలుస్తరు, సమ్మక్క జాతరప్పుడు నా దగ్గర మనుషులు లేకుంటే వాళ్ల పిలగాళ్లను నాకు పంపుతరు.

ఆ సీనియర్ ఎందుకు చెప్పడో ఆయన దిక్కు నుంచి చూడు. ఆయన పని అందరికి వస్తే ఆయన అవసరం ఏముంటదని గుబులు. నలుగురిముందు నిలదీస్తే ఇంకింత ముడుచుకుంటడు. పక్కకు తీస్కపోయి "అన్నా, ఈ ఇద్దరు పిలగాళ్లు నీ చేతి కింద, వీళ్లు డీబీ కట్టుడు నేర్చుకున్న నెల నీకు ఇంత ఎక్కువ ఇస్త" అని చెప్పు, ఇయ్యి కూడా. కసరకుండ చెప్పాలన్న షరతు మాత్రం ఖరాఖండిగ పెట్టు.

ఇంకొకటి, 10 మంది దాటిండ్రు కాబట్టి ఈఎస్ఐ (పనోళ్ల వైద్యానికి సర్కారు బీమా) చూసుకో, నెలకు 21,000 లోపు జీతం ఉన్నోళ్లకు వర్తిస్తది, జీతంల నీ వాటా 3.25 శాతం, వాళ్లది 0.75 శాతం. నా హెల్పర్ చెయ్యి విరిగిననాడు అది లేక ఆపరేషన్ పైసలు నేను అప్పు తెచ్చి కట్టిన.

ప్రశ్న: సార్, మా ఆయన జమ్మికుంటలో కాంట్రాక్ట్ పనులు చేస్తడు, హాజరు, లెక్కలు నేను చూస్తా. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తి చేసిన అమ్మాయి పనికి అడుగుతోంది. మా ఆయన "ఆఫీసుల కూసోబెడదాం, సైట్‌కు వద్దు" అంటుండు. ఏం చెయ్యాలె?
– ఒక చదువరి, జమ్మికుంట

జవాబు: అమ్మా, రెండేళ్లు ఆ ట్రేడ్ చదివింది బిల్లులు రాయడానికి కాదు కదా. సైట్‌కే పంపండి. మొదటి మూడు నెలలు టెస్టింగ్, డీబీ పని ఇయ్యండి, ఓపిక ఉన్నోళ్ల చేతుల అది మంచిగొస్తది, ఆ తర్వాత నిచ్చెన పని, పైపింగ్ అన్నీ. కానీ సైట్‌ల బాత్రూం ఉందా, చీకటి పడకముందే ఇంటికి చేరుతదా అన్నది మీ ఆయనతోని కాదు, మీరే ఆ పిల్లనడిగి చూసుకోవాలె. మీ దగ్గర నలుగురు గాని అంతకు మించి గాని పనోళ్లుంటే అప్రెంటిస్‌గ కూడ తీసుకోవచ్చు, 30 మంది ఉన్నకాడ అది తప్పనిసరి, మీకైతే మీ ఇష్టం. 2016ల వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌ల కొంత వాటా కేంద్రం ఇస్తది. ఒక్కటి మాత్రం అడుగుత, ఆమెకు సైజు సరిపోయే రబ్బర్ గ్లౌజులు, బూట్లు కొనియ్యండి. మగోళ్లవి ఇస్తే వేళ్ల కాడ వదులుగుండి స్క్రూ పట్టు దొరకదు, ఆమె విప్పి పక్కన పెట్టి ఉత్త చేతులతోని చేస్తది.