గొంతుదా తప్పు, కూర్చున్న వరుసదా?

ప్రశ్న: నా వయసు 53. ఆరు వారాల క్రితం మా కాలనీ గాన బృందంలో చేరాను. 24 మందిమి ఉన్నాం. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా రిహార్సల్. నన్ను సోప్రానో వరుసలో, అంటే అన్నిటికన్నా పై స్వరాలు పాడేవాళ్లతో, కూర్చోబెట్టారు. పై స్వరాలు వచ్చేసరికి గొంతు బిగుసుకుంటోంది, స్వరం కిందికి జారుతున్నట్టు నాకే తెలుస్తోంది. ఇంటికొచ్చేసరికి బొంగురు. పక్కావిడ ఒకరోజు ‘మీరు శ్రుతి తప్పుతున్నారు’ అన్నారు. అప్పట్నుంచి పెదాలు కదుపుతున్నానంతే. చిన్నప్పుడు స్కూల్లోనూ నన్ను అలాగే చేయమన్నారు. ఇంట్లో మావారు ‘ఈ వయసులో పాటలేంటి, ఏడింటికి అమ్మకి మందులెవరు ఇస్తారు?’ అంటున్నారు. మానేయమంటారా?

జవాబు: ఇంకో ఆరు వారాలు మానేయకండి. అయితే ఇప్పుడు పాడుతున్న పద్ధతిలో మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు యథాలాపంగా రాసేశారు. స్వరం జారుతున్నట్టు మీకే తెలుస్తోందన్నారు. అంటే చెవి బాగానే పనిచేస్తోంది. స్వరాల తేడాను నిజంగానే పట్టుకోలేని చెవులు చాలా అరుదు. శ్రుతి తప్పే వాళ్లలో ఎక్కువ మందికి ఇబ్బంది వినడంలో ఉండదు, విన్నదాన్ని గొంతుతో అందుకోవడంలో ఉంటుంది. అది సాధనతో మెరుగుపడుతుంది. స్కూల్లో మిమ్మల్ని పెదాలు కదపమన్నవారికి ఆ రోజు కార్యక్రమం సాఫీగా జరిగిపోవాలి, అంతే. దాన్ని నలభై ఏళ్లు చెల్లే తీర్పుగా మోయక్కర్లేదు.

పై స్వరాల దగ్గర బిగుసుకోవడం, తర్వాత బొంగురు పోవడం, ఈ రెండూ చూస్తే మీరు మీ స్థాయికి పైన పాడుతున్నారని అనిపిస్తోంది. సోప్రానో భాగం ఇంచుమించు పియానో మధ్య ‘సి’ దగ్గర మొదలై పై అష్టకం (ఆక్టేవ్)లోని ‘ఏ’ దాకా వెళ్తుంది. ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది స్వరాలు పాడే భాగం, మధ్య ‘సి’కి కిందున్న ‘ఎఫ్’ నుంచి పై ‘డి’ దాకా ఉంటుంది. నెలసరి ఆగే వయసులో చాలామంది ఆడవాళ్ల గొంతు కాస్త కిందికి దిగుతుంది. పై స్వరాలు కొన్ని పోతాయి, కింద కొన్ని కలిసొస్తాయి. మరి సోప్రానోలో ఎందుకు కూర్చోబెట్టారు? పాటలో అసలు బాణీ చాలావరకు సోప్రానో వాళ్లకే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లని, నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం రానివాళ్లని అక్కడికి పంపేయడం బృందాల్లో మామూలే. నేర్పేవారికి అది తేలిక. మీ గొంతుకి కాదు.

ఈ మంగళవారం పది నిమిషాలు ముందే వెళ్లి ‘నా స్థాయి ఒకసారి చూస్తారా?’ అని పాట నేర్పే నిర్వాహకుడిని అడగండి. మీరు మామూలుగా మాట్లాడే గొంతుకి దగ్గరి స్వరంతో మొదలుపెట్టి, ‘ఆ’ అంటూ అరస్వరం (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య తేడా) చొప్పున పైకి, తర్వాత కిందికి వెళ్లాలి. గొంతు బిగుసుకున్న చోటు హద్దు. ఆ హద్దుకి రెండు స్వరాల ఇవతలే మీరు హాయిగా పాడగలిగే జాగా. ఐదు నిమిషాల పని.

ఆల్టోకి మారితే గొంతు తేలికపడుతుంది గానీ ఇంకో కష్టం మొదలవుతుంది. ముందే చెబుతున్నాను. బాణీ పక్క వరుసలో మోగుతుంటే చెవి అటే లాక్కుపోతుంది. మీ భాగం ఒక్కటే ఎవరైనా కీబోర్డు మీద వాయిస్తే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రోజుకి 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. మొదటి వారం దాంతోపాటు నోరు మూసి ‘మ్’ అంటూ కూనిరాగం తీయడమే, మాటలొద్దు. రెండో వారం మాటలు కలపండి. మూడో వారం బృందం మొత్తం పాడిన రికార్డింగు పెట్టుకుని, దాని మీద మీ భాగం నిలబెట్టండి. జారేది ఇక్కడే. జారిన చోట కాగితం మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుని, పాట మొత్తం కాకుండా ఆ రెండు చరణపాదాలే తిప్పి తిప్పి పాడండి.

సాధనకి ముందు గొంతు వేడెక్కాలి. పెదాలు వదులుగా పెట్టి ‘బ్ర్ర్’ అంటూ గాలి వదలడం ఒక నిమిషం, కింది నుంచి పైకి సైరన్‌లా జార్చడం నాలుగైదుసార్లు, తర్వాత ‘స రి గ మ ప మ గ రి స’ అరస్వరం చొప్పున పెంచుకుంటూ. ఒక్క స్వరం అందకపోతే మీరు దాని వెంట పడొద్దు. మీకు వచ్చిన స్వరం పట్టుకుని నిలబడండి, కీబోర్డు వాయించేవారు దాన్ని వెతికి మీతో కలవాలి. రెండూ కలిసినప్పుడు ఎలా వినిపిస్తుందో చెవికి తెలిశాక, అక్కడి నుంచి ఒక్కో మెట్టు ఎక్కండి.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. సోప్రానోల సరిహద్దులో వద్దు. ఆల్టో వరుస మధ్యలో, గట్టిగా పాడే ఇద్దరి నడుమ, వీలైతే ఇంకొకరు మీ వెనక ఉండేలా కూర్చోండి. వెనకున్న గొంతు నేరుగా చెవిలో పడుతుంది, పట్టుకోవడానికి బాగుంటుంది. పక్కవాళ్లు వినబడకపోతే మీరు గట్టిగా పాడుతున్నట్టు. మీకు మీరే వినబడకపోతే మరీ మెల్లగా పాడుతున్నట్టు.

పెదాలు కదిపే అలవాటు ఈ వారమే ఆపేయండి. భయం వేస్తే ఊపిరి పైపైనే ఆగిపోతుంది, ఊపిరి చాలకపోతే స్వరం దిగిపోతుంది, దిగితే పక్కావిడ అంటారు, అంటే ఇంకా భయం. అందరం ఒకేచోట ఊపిరి తీసుకోవాలన్న నియమం లేదు. పొడుగు స్వరం మధ్యలో ఊపిరి అయిపోతే మెల్లగా ఆగి, తీసుకుని, మళ్లీ చప్పుడు కాకుండా కలవండి. బృందంలో ఇది తప్పు కాదు, పద్ధతే. ఇక పక్కావిడతో ‘చెప్పినందుకు సంతోషమండీ, ఇకమీదట అలాంటిది మాస్టారితోనే చెప్పించండి’ అనండి. సరిదిద్దే పని నిర్వాహకుడిది. ఇద్దరు ముగ్గురు చెప్పడం మొదలుపెడితే ఏ బృందంలోనైనా సగం మంది గొంతులు మూగబోతాయి.

బొంగురు పోయిన రోజు సాధన ఆపండి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు గానీ చాలామందికి దానివల్ల బిగువు పెరుగుతుంది. రిహార్సల్‌లో గుక్కెడు నీళ్లు తాగితే నోటి ఎండుదనం పోతుందే తప్ప అవి స్వరతంతువులని తాకవు. రోజంతా తాగుతూ ఉండాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించాల్సిందే.

ఇప్పుడు ఇల్లు. మీవారి మాటలో రెండున్నాయి: ఒకటి దెప్పు, రెండోది మందులు. దెప్పుకి జవాబు వెతక్కండి. మందుల సంగతి మాత్రం నిజం, అది ముందు తేల్చండి. మంగళ, శుక్రవారాల్లో ఏడింటికి ఏ మాత్ర, ఎన్ని, తిన్నాకా ముందా అన్నది పెద్దక్షరాలతో రాసి, ఆ పూటవి విడిగా డబ్బాలో పెట్టి ఆయనకి అప్పగించండి. మీ సౌకర్యం కోసం వేళ మార్చాలనుకుంటే డాక్టరుని అడిగే మార్చండి. కార్యక్రమానికి ముందు అదనపు రిహార్సళ్లు ఉంటాయి, వాటి తేదీలు ఇప్పుడే అడిగి తెచ్చి గోడ మీద రాయండి. ఇంట్లో గొడవ వారానికి మూడు గంటల గురించి రాదు, చెప్పకుండా వచ్చిపడిన నాలుగో గంట గురించి వస్తుంది. ‘వెళ్లనా?’ అని అడగొద్దు, ‘ఈ ఏర్పాటు చేశాను’ అని చెప్పండి. ఆయన్ని కూడా బృందంలో చేర్చేద్దాం అన్న ఆలోచన ఉంటే వదిలేయండి. అది మీ మూడు గంటలు.

ఒక హెచ్చరిక. పాడటానికి జంకేవాళ్లు పనుల్లో దాక్కుంటారు. కుర్చీలు వేస్తారు, హాజరు రాస్తారు, ఫోన్లు చేస్తారు, పాటకి మాత్రం వెనక నిలబడతారు. సాయం చేయండి, ఒక్క పనికే ఒప్పుకోండి. పాటల ఫైళ్లు మీ స్వభావానికి సరిపోవచ్చు: 24 కాపీలకి నంబర్లు, అదనంగా మూడు, ఒక పెన్సిళ్ల డబ్బా, ఏ నంబరు ఎవరి దగ్గరుందో ఒక నోట్‌బుక్. కాపీరైటు ఉన్న పాటలకి జిరాక్సులు తీయకండి, ఎంతమంది ఉంటే అన్ని కాపీలు కొనమని బృందాన్ని అడగండి. ఎప్పుడైనా రాలేకపోతే ముందురోజే మీ వరుస పెద్దకి చెప్పండి. మొదట్లో రెండు మానినా ఫర్వాలేదు, కార్యక్రమానికి ముందటి రెండు మాత్రం మానకండి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎత్తుకోవాలో అప్పుడే ఖరారవుతుంది.

నిర్వాహకుడు ఆల్టోకి మార్చనంటే, రెండో సోప్రానో భాగం ఉందేమో అడగండి, అది కాస్త కిందుగా ఉంటుంది. అదీ లేదంటే అందని స్వరాలు వదిలేసి అందినవి పాడతానని చెప్పండి. ఆయన దానికీ ఒప్పుకోకపోతే, పరీక్ష పెట్టకుండా చేర్చుకునే బృందం ఇంకొకటి వెతుక్కోండి.